ఖలాస్ కాని ఖలాస్

“ఆ పలక మాత్రం ఆ చెట్టుకి కట్టకు బాబూ. మిగతావన్నీ కట్టుకో. లూలూ అని రాసింది కట్టు. ఎవడన్నా చూసి ఇదేదో లూలూ కొట్టుకి దారి కాబోలు అనుకుంటాడు. అనుకోనీ, దానివల్ల చెట్టుకొచ్చే నష్టం ఏవీ లేదు. ఇది మాత్రం వద్దు. బతికున్న చెట్టు మెళ్లో కె, హెచ్, ఎ, ఎల్, ఎ, ఎస్ అని కడతారా ఎవరన్నా?”

సత్యక్క నా చేతిలోంచి రేకు పలక లాక్కుని ఒళ్లో బోర్లా పెట్టుకుంది. పైన పొద్దున ఎండ, కింద ఖర్జూరపు నీడ, పక్కన సన్నగా పారే కాలువ. మేం కూర్చున్నది ఆ కాలువ గట్టు మీదే.

“అది ఆ చెట్టు పేరే కదక్కా. వాళ్లు రాసిచ్చిందే కొట్టాను” అన్నాను.

“పేరే. కాదని ఎవరన్నారు? ఆ పేరే దాని పీక మీదికి తెచ్చింది. ఇదిగో, ఇలా వంగి చూడు.”

వంగి చూశాను. వాలుగా పెరిగిన ముసలి ఖర్జూరం అది. మొదలు దగ్గర, మోకాలి ఎత్తున, అడ్డంగా ఒక కోత ఉంది. నాలుగు వేళ్లు లోపలికి దిగేంత లోతు. దాని నిండా గడ్డి కలిపిన మట్టి మెత్తి, అరచేత్తో నున్నగా రుద్ది ఉంది.

“రంపం అక్కడిదాకా దిగింది” అంది సత్యక్క. “దింపినోడు అడిగో, పైన కూకున్నాడు. పోచన్నా, దిగి రా. నీ కథ చెప్తన్నాను.”

“నా కథ కాదు, నీ కథనే” అని పక్క చెట్టు మీంచి ఒక గొంతు బదులిచ్చింది. “నేనడిగిన. నువ్వు జెప్పినవ్. మల్ల నన్నంటవేంది?”

ఖలాస్ అన్నది ఈ దేశంలో దిగిన మనవాళ్లు మొట్టమొదట నేర్చుకునే మాట. పని అయిపోతే ఖలాస్. గ్యాసు అయిపోతే ఖలాస్. వీసా అయిపోతే ఖలాస్. మనిషి పోయినా ఖలాసే. అదే మాట ఒక ఖర్జూరం రకానికి పేరు కూడానని ఆ రోజు దాకా నాకు తెలియదు. నేను దుబాయ్‌లో, అల్ ఖూజ్‌లో బోర్డులు చేసే షాపులో పనిచేస్తాను. చెట్లకు కట్టే పేరు పలకలు కావాలని ఈ తోటవాళ్లు చెబితే, అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ కొట్టి, పికప్‌లో వేసుకుని వచ్చాను. గంటలో కట్టేసి వెళ్లిపోదామనుకున్నాను. సత్యక్క కూర్చోమంది. కూర్చున్నాను.

ఉమ్ అల్ క్వైన్ తీరం నుంచి లోపలికి, ఫలజ్ అల్ ముఅల్లా దారిలో ఉంది ఈ తోట. పాత కుటుంబానిది. మట్టి గోడల ఇల్లు, ఖర్జూర మట్టలతో కట్టిన వేసవి పందిరి, మగవాళ్లు కూర్చునే మజ్లిస్, ఎత్తు గోడల మధ్య తోట. తోటంతటికీ నీళ్లు పంచేది ఫలజ్ అనే కాలువ.

“ఫలజ్ అంటే ఏవీ లేదు బాబూ, మా కోనసీమలో బోది ఉంటాది చూడు, అదే” అంది సత్యక్క. “వచ్చిన కొత్తలో నాకు ఏడుపు ఆగింది ఈ బోదిని చూసే. ఇసకలోకి పంపేత్తన్నారు, నీళ్లుండవు, చెట్టుండదు అని మా ఊళ్లో అందరూ జాలి పడ్డారు. తీరా వచ్చి చూత్తే బోది, గట్టు, తోట. కొబ్బరికాయలు లేవు గానీ మిగతాదంతా అత్తారిల్లులాగే ఉంది.”

ఆమెది అమలాపురం పక్క పల్లె. ఇరవై ఏళ్ల పైమాట, ఈ ఇంటికి వంటమనిషిగా వచ్చి. ఇంటి యజమానురాలు ఉమ్ సాలిం అనే పెద్దావిడ. సత్యక్క ఆవిడను మామా అంటుంది.

“మామా అంటే మన మావయ్య కాదు. ఇక్కడ అమ్మని అలా అంటారు. మా ఆయన ఫోన్లో ఇనేసి, ఎవడే ఆ మావయ్య, పొద్దస్తమానం మావా మావా అంటన్నావు అని మూడ్రోజులు మాటాడలేదు. మామాకి ఫోనిచ్చాను. ఆవిడ ఏం తిట్టిందో అరబ్బీలో, మళ్లీ అడగలేదు.”

సత్యక్క వచ్చిన మొదటి వారంలోనే మామా ఆమెను చెయ్యి పట్టుకుని తోట తిప్పి, ఒక్కో చెట్టునూ కర్రతో కొట్టి పేరు చెప్పిందట. ఇది ఫర్ద్, ఇది లూలూ, ఇది ఖునైజీ. గోడ పక్కనున్న ఈ చెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కర్రతో కొట్టలేదు. చేత్తో నిమిరింది. హాదా ఖలాస్, ఇది ఖలాస్, అంది.

“నాకప్పటికి వచ్చిందల్లా ఆ ఒక్క మాటే. ఏజెంటు నేర్పాడు. అయ్యో, నిక్షేపంలా ఉందే, అప్పుడే అయిపోయిందంటాదేంటి పెద్దావిడ, అనుకున్నాను. మనిషి పోయినప్పుడు ఓదారుత్తాం చూడు, అలా ఆవిడ భుజం మీద చెయ్యేసి ఊరుకోండి ఊరుకోండి అన్నాను. తెలుగులో.” సత్యక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఆవిడ ఏమనుకుందో తెలుసా? చెట్టు కథ తెలిసే జాలి పడతన్నాను అనుకుందంట. కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పటినుంచి నేనంటే అభిమానం.”

చెట్టు కథ సత్యక్కకు తర్వాత తెలిసింది. మామా ఈ ఇంటికి కోడలిగా ఒంటె మీద వచ్చేటప్పుడు, వాళ్ల నాన్న తన తోటలోని ఖలాస్ చెట్టు పిలకను వేరుతో సహా తవ్వి, తడి గోనెలో చుట్టి వెంట పంపాడు. ఒంటె మీద ఒక పక్క పెట్టె, రెండో పక్క పిలక. దారి పొడుగునా తన తాగేనీళ్లలోంచే దానికి పోస్తూ వచ్చిందట ఆ అమ్మాయి. దిగగానే గోడ పక్కన నాటించింది.

“మనం ఆడపిల్లకి సారె పెట్టమా? చలిమిడి, అరటిగెల, పసుపు, కుంకం. ఆవిడ సారె ఈ చెట్టు” అంది సత్యక్క. “ఆవిడ పుట్టింటి తోట ఇప్పుడు లేదు. పైన రోడ్డు పడిపోయింది. మిగిలింది ఇదే.”

పోచన్న చెట్టు దిగి వచ్చాడు. నడుం చుట్టూ తాడు, చేతిలో కొడవలి. జగిత్యాల దగ్గర పల్లె ఆయనది. నన్ను చూసి తలూపి, సత్యక్క ఒళ్లోంచి పలక తీసుకుని చదివి, నవ్వి, మళ్లీ ఒళ్లోనే పెట్టాడు.

“మంచిగ కొట్టినవ్ తమ్మీ” అన్నాడు నాతో. “దీన్ని నేను చదివితిననుకో, పేరనుకోను. ఆర్డరనుకుంట.”

“ఇన్నావా?” అంది సత్యక్క.

కరోనా ఏడాది, దుబాయ్‌లో ఆఫీసులు మూసేస్తే, మామా మనవరాలు షమ్మా ఇక్కడికి వచ్చి ఉండిపోయింది. చదువుకున్న పిల్ల. అప్పటిదాకా పండగలకి వచ్చి వెళ్లడమే. నెలల తరబడి ఉండేసరికి గోడలు చూసింది, పందిరి చూసింది, కాలువ మట్టి పూడి సగం ఎండిపోయిందని చూసింది. నానమ్మ పక్కన కూర్చుని ఇది ఎవరు కట్టారు, అది ఎందుకలా ఉంది అని అడగడం మొదలెట్టింది. మామా కొడుకులేమో పడగొట్టి విల్లాలు కడదామన్న ఆలోచనలో ఉన్నారు. షమ్మా అడ్డం పడింది. ఉన్నది ఉన్నట్టుగా బాగుచేద్దాం, గేటు తెరిచి జనాన్ని రానిద్దాం, చూసి వెళ్తారు అంది.

“మామా ఒప్పుకోలేదు” అంది సత్యక్క. “మట్టి చూడ్డానికి ఎవరొత్తారే అంది. నేను చెప్పాను, మామా, మా ఊళ్లో కొబ్బరితోటలు చూడ్డానికి హైదరాబాదు నుంచి కార్లేసుకుని వత్తారు, బోది గట్టు మీద నించుని ఫొటోలు దిగి, బురదలో జారిపడి ఎల్తారు అని. జారిపడతారా అని అడిగింది. పడతారన్నాను. అప్పుడు కాస్త మెత్తబడింది.”

చివరికి మామా ఒక షరతు మీద ఒప్పుకుంది. వచ్చిన ప్రతి మనిషికీ ముందు ఖలాస్ పండు చేతిలో పెట్టాలి. ఈ చెట్టు కిందే, ఆవిడ ఎదురుగానే. ఈ చెట్టు లేని రోజున గేటుకి తాళం. ఇంక మాట లేదు.

బాగుచేయడం రెండేళ్లు నడిచింది. కాలువలో పూడిక తీశారు. సిమెంటు ముట్టకుండా, మట్టిలో గడ్డి కలిపి తొక్కి, మాగబెట్టి గోడలకు మెత్తారు. ఆ పనివాళ్లందరికీ సత్యక్క వంట. గేటు తెరవడానికి నెల ముందు, పురుగు పట్టి పుచ్చిపోయిన చెట్లను కొట్టేయడానికి రంపాల గుంపు ఒకటి దిగింది. వాళ్ల సూపర్‌వైజరు సనావుల్లా అనే పాకిస్తాన్ ఆయన. కొట్టాల్సిన చెట్లకు ఎర్ర రంగుతో అడ్డగీతలు వేశారు. గోడ పక్క చెట్టు వాలిపోయి ఉంది, ఎండుమట్టలు వేలాడుతున్నాయి, పండు అప్పటికే కోసేశారు. దాని సంగతేమిటో సనావుల్లాకు అనుమానం వచ్చి, లోపల కనుక్కుని రమ్మని తన గుంపులో పనిచేసే పోచన్నను పంపాడు.

“ఇగ అక్కడికెల్లి నేను జెప్త” అన్నాడు పోచన్న. “నువ్వయితే నీ దిక్కు మలుపుకుంటవ్. నేను వంటింటి కాడికి వోయిన. తలుపు తీసుంది. లోపల తెలుగు పాట వినవడ్డది. నా పానం లేసొచ్చింది తమ్మీ. గింత ఎడారిల మన మాట. అక్కా అన్న. గీమె అటే మల్లి కలుపుతనే ఉన్నది.”

“హరీస్ కలుపుతన్నాను బాబూ. గోధుమలూ మాంసమూ వేసి, పొద్దున్నుంచి తిప్పుతానే ఉండాలి. చెయ్యి ఆపితే అడుగంటి పోతాది. వెనక్కి తిరగడానికి లేదు.”

“అక్కా, గోడ పక్క ముసలి చెట్టు సంగతేంది అన్న. అది ఖలాస్ అబ్బాయ్ అన్నది. అవునా, ఖలాసేనా అన్న. ఆ, ఖలాసే, ఎవర్నడిగినా చెప్తారు అన్నది. గింతకన్న సాఫ్‌గ ఎవలు జెప్తరు? వోయి ఎర్ర గీత గీసిన.”

“చెట్టు సంగతేంటి అంటే పేరే చెప్తారు ఎవరన్నా. తిన్నావా, మీదేవూరు అని అడిగాను కూడా.”

“తిన్న. మీదేవూరు అంటె జగిత్యాల అన్న. గది బాగనే సమజైంది ఇద్దరికి.”

మర్నాడు ఉదయం సత్యక్క పనివాళ్లకు చాయ్ పోస్తుండగా గోడ వైపు నుంచి రంపం మోత వచ్చింది. ముందు పట్టించుకోలేదు. రెండు రోజులుగా అదే మోత. కానీ వంటింటి కిటికీలోంచి ఎప్పుడూ కదలకుండా కనిపించే మట్టలు ఆ పూట వణుకుతున్నాయి. గాలి లేదు. చేతిలో గరిటెతోనే పరుగెత్తింది.

“బోది దాటాను. ఎలా దాటానో నాకే తెలీదు. చూద్దును కదా, ఇతను వంగి కోసేత్తన్నాడు. ఆ మోతలో ఇనపడదు కదా. గొంతు చించుకుని అరిచాను.”

“ఏమని అరిచినవో జెప్పు” అన్నాడు పోచన్న.

సత్యక్క నవ్వు ఆపుకోవడానికి మొహం పక్కకు తిప్పుకుంది.

“ఖలాస్, ఖలాస్ అని ఒర్రుకుంట ఉరికొస్తున్నది తమ్మీ” అన్నాడు పోచన్న. “నేను తలెత్తి చూసిన. జల్ది ఖలాస్ చెయ్యమంటున్నదేమో అనుకున్న. అయితది అక్కా, అయితది అని బొటనవేలు లేపి సూపెట్టిన. ఇంకింత గట్టిగ ఒత్తిన.”

“నాకు పేరు తప్ప ఏవీ నోటికి రాలేదు. పిల్లాడు బండి కింద పడబోతే పేరు పెట్టే కదా అరుత్తాం.”

ఆ తర్వాత గరిటె గాల్లోకి లేచింది. పోచన్న పసుపు టోపీకి తగిలి ఠంగుమంది. అతను రంపం ఆపి నిలబడ్డాడు. అంత గందరగోళంలోనూ అతను మొదట అడిగిన మాట, చాయ్ అయిందా అక్కా అనిట.

సనావుల్లా పరుగున వచ్చాడు. షమ్మా దుబాయ్‌లో ఉంది. గాయం చుట్టూ చాప కట్టేద్దాం, పెద్దావిడకు కనిపించదు అన్నాడు సనావుల్లా. సత్యక్క వద్దంది. మామా రోజూ పొద్దున వచ్చి ఈ చెట్టును నిమిరి వెళ్తుంది, చాప ఎవరి కళ్లు కప్పుతుంది అంది. ఆ మాట అంటుండగానే కర్ర చప్పుడు వినిపించింది.

“చెట్టు పోతే గేటు లేదని ఆవిడ ముందే అంది కదా. రెండేళ్ల పని. షమ్మా ఆశ. అన్నిటికన్నా, ఆవిడ సారె.”

మామా వచ్చింది. గాయం చూసింది. వంగి, వేళ్లు లోపలికి పెట్టి ఎంత లోతో చూసుకుంది. ముక్కు మీదుగా కట్టుకున్న బంగారు రంగు పట్టీ వెనక మొహం ఎలా ఉందో తెలియదు. ఎవరు అని అడిగింది. సత్యక్క తనకొచ్చిన వంటింటి అరబ్బీలో ఉన్నదున్నట్టు చెప్పింది. ఇతను చెట్టు సంగతి అడిగాడు, నేను ఖలాస్ అన్నాను, ఇతను ఖలాస్ అని విన్నాడు.

“నువ్వు ఖలాస్ అన్నావు” అంది మామా.

“అన్నాను మామా.”

“ఇతను ఖలాస్ అని విన్నాడు.”

“విన్నాడు మామా.”

మామా కాసేపు పోచన్న వంక చూసింది. అతని టోపీ మీద గరిటె నుంచి అంటిన చాయ్ పొడి వంక చూసింది. మెల్లగా బోది గట్టు మీద కూలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని సత్యక్క పక్కన కూర్చుని, ఎన్నో ఏళ్ల కిందటి మొదటి వారంలోలాగే భుజం మీద చెయ్యేసి ఊరుకోండి అంది. ఆవిడ ఏడవడం లేదు. పట్టీ పక్కకు జారిపోయేంతగా నవ్వుతోంది.

నవ్వి నవ్వి, కర్రతో చెట్టును చూపించి, పనివాళ్లకు అర్థమయ్యే అరబ్బీలోనే అంది. “ఖలాస్ మాఫీ ఖలాస్.”

“అంటే ఖలాస్ అయిపోలేదు అని” అంది సత్యక్క నాతో. “తర్వాత ఇతన్ని చూపించి తీర్పు చెప్పింది. గాయం చేసినోడే కాపలా కాయాలి, ఈ చెట్టు మళ్లీ కాసేదాకా ఇతను ఎక్కడికీ ఎల్లడానికి లేదంది. షమ్మా వీసా ఇక్కడికి మార్పించింది. అప్పట్నుంచీ ఇక్కడే దిగడిపోయాడు.”

“జైలు శిక్ష” అన్నాడు పోచన్న. “మంచి బువ్వతోటి.”

గాయంలో మందు పోసి, గోడలకు మెత్తిన మట్టే మెత్తాడు. గాలి పడితే ఊగకుండా తాళ్లతో లాగి కట్టాడు. చలికాలంలో గేటు తెరిచారు. మామా చెట్టు కింద కుర్చీ వేయించుకుని కూర్చుంది. సత్యక్క పళ్లెం పట్టుకుని వచ్చినవాళ్ల చేతుల్లో పండు పెట్టింది, పక్కనే అల్లం వేసిన ఖహ్వా, అరబ్బీ కాఫీ. మట్టి చూడ్డానికి నిజంగానే వచ్చారు. గోడలు తాకి చూశారు. పిల్లలు బోదిలో కాళ్లు పెట్టి తడుపుకున్నారు. దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీ నుంచి వచ్చిన ఒక తెలుగు కుటుంబంలో తండ్రి ఫొటో దిగుతూ వెనక్కి నడిచి కాలువలో జారిపడ్డాడు. మామా సత్యక్క వైపు తిరిగి, నువ్వు చెప్పింది నిజమే అన్నట్టు తలూపిందట.

అయినా అప్పటికింకా చెట్టు సంగతి తేలలేదు. చలికాలం అంతా సత్యక్క వంటింటి కిటికీలోంచి మట్టలు చూస్తూనే ఉంది. ఎండలు ముదరకముందు ఒక రోజు పోచన్న పైకెక్కి, అక్కడే ఉండిపోయాడు. ఎంత పిలిచినా దిగడు. పువ్వు తొడిగింది, కొత్త గెలలు తొంగి చూస్తున్నాయని పైనుంచే చెప్పాడు. ఆ వేసవిలో కోసిన మొదటి పండు మామా అతని నోట్లోనే పెట్టింది.

“ఇగ కాసింది గద, శిక్ష ఒడిసింది, పో అన్నది” అన్నాడు పోచన్న. “పోను అన్న.”

ఇప్పుడు వచ్చిన జనం పండు కన్నా ముందు ఆ కోతను అడుగుతున్నారు. షమ్మా పనిలో పెట్టిన అమ్మాయి ఒకతె ఇల్లు, పందిరి, కాలువ వరసగా చూపించి, చివరికి ఇక్కడికి తెచ్చి ఈ కథ చెబుతుంది. ఆ అమ్మాయి చెప్పేటప్పుడు గరిటె ఉండదట. సత్యక్కకు ఆ ఒక్కటే ఫిర్యాదు.

నేను లేచి పికప్‌లోంచి మిగతా పలకలు దించాను. పోచన్న ఫర్ద్‌కు ఫర్ద్, లూలూకు లూలూ కట్టుకుంటూ పోయాడు. సత్యక్క నా వెనకే వచ్చింది. ఖలాస్ పలక ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

“నవ్వుకున్నాం గానీ బాబూ, సోమవారం మళ్లీ రంపాలోళ్లు వత్తన్నారు. అటు చివర రెండు చెట్లకి పురుగు పట్టింది. అందరూ కొత్తోళ్లంట. సనావుల్లా లేడు. నేనేమో ఆ పూట మామాని ఆస్పత్రికి తీసుకెళ్లాలి, కళ్ల చూపుకి. పోచన్న ఒక్కడూ ఎన్ని చెట్ల దగ్గర నించుంటాడు? వచ్చినోడు ఇంగ్లీషు అచ్చరాలు కూడబలుక్కుని ఇది చదివాడనుకో, ఇక అడిగే పని కూడా లేదు, రాసిపెట్టి మరీ ఉంది కదా అంటాడు.”

“అయితే ఏం రాయమంటావక్కా?”

“తెలుగులో రాయి. ఇది చెట్టు పేరు, చెట్టు అయిపోలేదు అని.”

“అయిపోలేదు కాదు, ఒడవలేదు అని రాయి తమ్మీ” అని పోచన్న చెట్టు అవతలి నుంచి అన్నాడు. “వచ్చేటోళ్లు మా దిక్కోళ్లు.”

“ఒడవడం ఏంటయ్యా, ఎవడికి అర్థమవుద్ది?”

“నీ మాట అర్థమైతేనే గింత లోతు దిగింది.”

సత్యక్క పలక నా చేతిలో పెట్టింది.

“సరే, రెండూ రాయి. అయిపోలేదు, ఒడవలేదు. కింద హిందీలోనూ, ఉర్దూలోనూ రాయించు. షమ్మాకి నేను చెప్తాను. ఆదివారం సాయంత్రానికల్లా తెచ్చెయ్యి బాబూ, నువ్వే కట్టేసి ఎల్లు, హరీస్ చేసి ఉంచుతాను. అచ్చరాలు మాత్రం పెద్దవి వెయ్యి. రంపం పట్టుకున్నోడు దగ్గరికొచ్చి చదవడు.”